సైబర్ టవర్స్, హైదరాబాద్

సైబర్ టవర్స్ హైదరాబాద్‌కు పడమట మాదాపూర్‌లో ఉన్న పది అంతస్తుల కార్యాలయ భవనం. హైటెక్ సిటీ అనే సాఫ్ట్‌వేర్ పేటలో మొదట లేచిన కట్టడం ఇదే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దీన్ని ప్రారంభించారు. ఎత్తులో దీన్ని మించిన భవనాలు ఇప్పుడు నగరంలో చాలా ఉన్నాయి. అయినా హైదరాబాద్ వ్యాపారాన్ని ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు మళ్లించిన ఆధునిక కట్టడాల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు.

పూర్వరంగం

ఈ నగరంలో వర్తకం చోటు మారడం కొత్త సంగతి కాదు. గోల్కొండ కోట నుంచి మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్‌కు వచ్చే దారిలో ఉన్న కార్వాన్, కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల పేట. వజ్రాల కొనుగోలుకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వంతెనకు ముందు వచ్చే ఒక పెద్ద శివారు పేటను వర్ణించాడు. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు అక్కడ కాపురం ఉండేవారట. పొద్దున పది, పదకొండు గంటలకు నగరంలోకి వచ్చి పరదేశి వ్యాపారులతో బేరాలు ముగించుకొని, సాయంత్రం నాలుగైదు గంటలకు ఇళ్లకు మళ్లేవారట. అక్కడి మసీదులు పరదేశులకు సరాయిలుగా కూడా ఉపయోగపడేవని రాశాడు. కార్వాన్ ఉన్నది ఆ దారి మీదే. మూసాఖాన్ మహల్దార్ 1671లో కట్టించిన టోలీ మసీదు ఆ సంపన్న కాలానికి గుర్తుగా అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది.

పనివేళలు, రోజూ వచ్చిపోయే జనం, పరాయి వ్యాపారికి సిద్ధంగా ఉంచిన విడిది: ఈ మూడూ హైదరాబాద్‌కు 17వ శతాబ్దం నుంచే అలవాటు. సైబర్ టవర్స్ చరిత్రలో మూడోదానికే ఎక్కువ విలువ.

ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపారం ఆబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్ వైపు జరిగింది. మోజంజాహీ మార్కెట్ దగ్గరి గగన్‌విహార్, చంద్రవిహార్, బషీర్‌బాగ్‌లోని బాబూఖాన్ ఎస్టేట్ ఆ తరం బహుళ అంతస్తుల భవనాలు. 1990ల ఆరంభంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా (ఎస్‌టీపీఐ) అమీర్‌పేటలోని మైత్రీవనంలో కార్యాలయం తెరిచింది. ఉపగ్రహం ద్వారా విదేశాలకు డేటా పంపే సౌకర్యాన్ని కంపెనీలకు అందించడం దాని ముఖ్యమైన పని.

నిర్మాణం

అప్పటికే బెంగళూరు దేశ సాఫ్ట్‌వేర్ రాజధానిగా పేరు తెచ్చుకుంది. అక్కడికి వెళ్తున్న కంపెనీలను ఇటు రప్పించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడి ప్రభుత్వం మాదాపూర్‌ను ఎంచుకుంది. అప్పుడది రంగారెడ్డి జిల్లాలోని ఊరు. చుట్టూ గుట్టలు, గుండ్రాళ్లు, ఒక పక్క దుర్గం చెరువు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ), లార్సెన్ అండ్ టూబ్రో కలిసి ఎల్ అండ్ టీ ఇన్ఫోసిటీ అనే ఉమ్మడి సంస్థను పెట్టాయి. అందులో ఎల్ అండ్ టీది 89 శాతం, ప్రభుత్వ సంస్థది 11 శాతం. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అనే పొడుగాటి పేరు కుదించుకొని హైటెక్ సిటీ అయింది. దాని తొలి దశే సైబర్ టవర్స్. పని 14 నెలల్లో పూర్తయింది.

కట్టడం తీరు

పేరు బహువచనమైనా భవనం ఒక్కటే. పైనుంచి చూస్తే చేతి గాజు ఆకారం. బయట గుండ్రని గోడ, నడుమ ఖాళీ ఆవరణ, అందులో ఫౌంటెన్. ఈ వలయాన్ని నాలుగు భాగాలు చేసి క్వాడ్రంట్లు అన్నారు. లోపలి ఆఫీసుల చిరునామాల్లో అంతస్తుతో పాటు క్వాడ్రంట్ సంఖ్య కూడా ఉండేది అందుకే. మొత్తం వైశాల్యం ఐదు లక్షల చదరపు అడుగుల పైమాటే.

గుండ్రని రూపం చూపు కోసం మాత్రమే కాదు, దానికి ఉపయోగం ఉంది. లోతైన చతురస్రపు భవనంలో నడిమి బల్లలకు పగటి వెలుతురు అందదు. వలయంలో బయటి అంచు నుంచీ, ఆవరణ వైపు నుంచీ వెలుతురు వస్తుంది. నాలుగు భాగాలుగా ఉండడం వల్ల పెద్ద కంపెనీ ఒక అంతస్తంతా తీసుకోవచ్చు, చిన్న కంపెనీ అందులో ఒక ముక్కతో సరిపెట్టుకోవచ్చు. తరువాత ఈ ప్రాంతంలో వచ్చిన నిలువెత్తు అద్దాల పెట్టెల్లో చాలావాటికి ఈ ఆలోచన లేదు. దక్కన్ ఎండను ఏసీల మీదే వదిలేసిన ఆ భవనాల కన్నా ఈ పాత కట్టడం నమూనా మెరుగైనది.

అద్దెదారులు

సొంత స్థలం కొని, అనుమతులు తెచ్చుకొని, భవనం లేపే ఓపిక బయటి కంపెనీకి ఉండదు. కరెంటు కోతల ఆ రోజుల్లో జనరేటర్లు, డేటా లైన్లు సిద్ధంగా ఉన్న అంతస్తు దొరకడమే పెద్ద ఆకర్షణ. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన అభివృద్ధి కేంద్రం తొలి నాళ్లలో ఇక్కడే నడిచింది. 2004లో గచ్చిబౌలిలోని సొంత ప్రాంగణానికి మారింది. ఒరాకిల్ కూడా తొలి అద్దెదారుల్లో ఒకటి. ఎస్‌టీపీఐ సైతం మైత్రీవనం నుంచి ఇక్కడి ఆరో అంతస్తుకు వచ్చింది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించడంతో ఈ పేటకు ప్రపంచ ప్రచారం లభించింది.

అనంతర కాలం

పక్కనే సైబర్ గేట్‌వే, సైబర్ పర్ల్ వచ్చాయి. 2001లో ఈ ప్రాంతానికి సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది, 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2007లో, మాదాపూర్ ఉన్న శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిసింది. 2006 నాటి భవన నిబంధనలు అంతస్తుల వైశాల్యంపై ఉన్న పరిమితిని ఎత్తివేశాక రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో భవనాలు ఒకదాన్ని మించి ఒకటి పెరిగాయి. 2019లో నానక్‌రామ్‌గూడలో తెరిచిన అమెజాన్ ప్రాంగణం ఒక్కటే 18 లక్షల చదరపు అడుగులు.

రవాణా మాత్రం ఈ వేగాన్ని అందుకోలేదు. భవనం తెరిచిన ఇరవై ఏళ్ల తరువాత, 2019 మార్చి 20న గానీ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో రైలు రాలేదు. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో వచ్చింది. ముందు పని చోటు, ఆ తరువాత ఎప్పుడో దారి అన్న ఈ క్రమానికి మూల్యం చెల్లించింది రోజూ ప్రయాణించే ఉద్యోగులే. ఈ భవనాల కోసం పేల్చిన గుండ్రాళ్ల మాటకొస్తే, రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్‌ను ఏ ప్రణాళికా తిరిగి తేలేదు.

పాతికేళ్లు దాటిన ఈ భవనాన్ని రేపు కూల్చి మరింత ఎత్తుగా కట్టాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. ఆ రోజు రాకముందే దీని నక్షాలు, నిర్మాణ కాలపు ఫొటోలు, తొలి అద్దె ఒప్పందాలను రాష్ట్ర పురాభిలేఖాల విభాగం సేకరించి భద్రపరచాలి.