రాజమార్గము - పొలముదారి

పూర్వము బాట యనగా నిరుప్రక్కల నున్నవారి కెల్లరకును వాకిలివంటిది. ఎడ్లబండ్ల కాలమున దానివలన హాని యంతగా లేకుండెను. మోటారు వచ్చిన పిదప నా బాటయే రెండు విరుద్ధధర్మములను మోయవలసివచ్చెను: దూరమునకు వేగముగా బోవుట యొకటి, ఇంటికి మెల్లగా మలగుట యొకటి.

ఆంగ్లదేశమున నూతన రహదారుల కిరువైపుల నిండ్లు బారులు దీరగా, 1935లో నొక శాసనము చేసిరి. అధికారుల యనుమతి లేనిదే ముఖ్య రహదారిలోనికి దారి తీయరాదనియు, దాని నడిమినుండి 220 అడుగులలోపల నిల్లు కట్టరాదనియు విధించిరి. మన దేశమున 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ శాసనము ప్రకారము, వాహనముతో గాని, ఐదుగురికి తక్కువగాని గుంపుగా కాలినడకను గాని, అనుమతి లేక రహదారిని జేరు హక్కు ఎవ్వరికిని లేదు.

"తాతలనాటి పొలముదారిని మూయుటకు వీరెవ్వరు?" అని మా యూరి పెద్ద యొకరు న న్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. పది దారులను సర్వీసు రోడ్డులో జేర్చి యొక్కచోట రహదారికి గలిపినచో, ప్రమాదస్థలములు పది యొకటి యగును. కాని యా రోడ్డు వేయకయే దారి మూసినచో, రైతు మైళ్లు చుట్టి పోవలెను. లేదా ప్రాణముల కొడ్డి యెదురుదిశను బండి తోలును. కావున ప్రక్కబాటను ముందుగా నడుగుట మన హక్కు. వేసిన పిదప దానినే వాడుట మన ధర్మము అంటిని.

ఆయన మాఱుపలుకలేదు. మఱునాడుదయమున కాగితము దెచ్చి, అర్జీ వ్రాసిపెట్టుమని మా యరుగుపై గూర్చుండిరి.