బీడులో దొరికిన గడియారము



సృష్టిని చూచి సృష్టికర్తను తెలిసికొనవచ్చునని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. 19వ కీర్తనలో దావీదు ఆకాశమును చూచి దేవుని మహిమను కొనియాడెను. రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో అపొస్తలుడైన పౌలు, కంటికి కనబడని దేవుని శక్తి ఆయన చేసిన వాటివలన తేటపడుచున్నదని బోధించెను. అయినను ఈ మాట విని ఒప్పుకొననివారు లోకములో అనేకులున్నారు. పట్టణమునకు పోయి చదువుకొనిన మన పిల్లలలో కొందరు వారి ప్రశ్నలనే ఇంటికి తెచ్చుచున్నారు. పెద్దలు గద్దించుదురు, లేదా ఊరకుందురు. గాని ఈ ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవి కావు. వాటి చరిత్రను కొంత ఎరిగినయెడల మనము బెదరక, కోపపడక, బిడ్డల ప్రక్కను కూర్చుండి మాటలాడగలము.

1802లో ఇంగ్లండు దేశమున విలియం పేలీ అను సంఘ గురువు ప్రకృతినిబట్టి దేవుని నిరూపించు ఒక గ్రంథమును ప్రకటించెను. అందులో ఆయన చెప్పిన ఉపమానము లోకప్రసిద్ధమైనది. ఒకడు బీడు భూమిలో నడచిపోవుచు రాతిని తన్నుకొనినయెడల, అది ఎప్పటినుండియో అక్కడనే పడియున్నదని అనుకొనవచ్చును. గాని అతనికి ఒక గడియారము దొరికినయెడల అట్లనజాలడు. పండ్ల చక్రములు ఒకదానితో ఒకటి పొందికగా తిరుగుట చూచి, దీనిని చేసిన పనివాడు ఎక్కడనో ఉండవలెనని ఎంచును. మనుష్యుని కన్ను గడియారముకంటె ఎంతో నేర్పుగా అమర్చబడియున్నది. కాబట్టి దానిని చేసినవాడు లేకపోలేదు అని పేలీ వాదించెను. నేటికిని మన బోధకులు ప్రసంగపీఠమునుండి చెప్పుచున్నది ఈ గడియారపు మాటయే.

దీనికి జవాబు పేలీ వ్రాయకమునుపే పుట్టియుండెను. స్కాట్లండు దేశపు తత్త్వవేత్తయైన డేవిడ్ హ్యూమ్ 1776లో మరణించెను. ఆయన వ్రాసియుంచిన సంభాషణల గ్రంథము 1779లో వెలువడెను. అందులోని తర్కము ఇట్టిది. ఇల్లు చూచి మేస్త్రి ఉన్నాడందుము. ఏలయనగా మేస్త్రులు ఇండ్లు కట్టుట మనము చూచియున్నాము. లోకములు కట్టబడుట ఎవరు చూచిరి? లోకము యంత్రమువంటిదని ఏల చెప్పవలెను? చెట్టువంటిదని ఏల అనకూడదు? చెట్టును ఏ వడ్రంగియు చేయడు, అది విత్తనమునుండి మొలచును. మంచి ఓడను చూచి ఓడ చేసినవాని మెచ్చుకొందుము గాని, అతడు తనకు ముందున్న అనేకుల పనిని చూచి చేసినవాడై యుండవచ్చును. అట్లయిన లోకమును ఒక్కడే చేసెనని ఎట్లు తెలియును?

తరువాతి కాలమున బెర్ట్రాండ్ రస్సెల్ అను ఆంగ్ల తత్త్వవేత్త 1927లో లండనులో ఉపన్యసించుచు మరియొక ప్రశ్నను ముందుంచెను. ప్రతిదానికి కర్త ఉండవలెనన్నయెడల, దేవునికి కర్త ఎవరు? భూమి ఏనుగుమీదను, ఏనుగు తాబేలుమీదను నిలిచియున్నవని చెప్పి, తాబేలు దేనిమీద నిలిచియున్నదని అడుగగా మాట మార్చినట్లున్నదని ఆయన మన దేశపు కథనే ఎత్తి చూపెను. 1948లో ఇంగ్లండు రేడియోలో కోపుల్‌స్టన్ అను కాథలిక్ గురువు ఆయనతో వాదించెను. లోకము తనంతట తాను ఉండజాలదనియు, ఆధారము అక్కరలేని ఒక్కడు దానికి ఆధారమై యుండవలెననియు గురువు చెప్పెను. లోకము ఉన్నది, అంతే. దానికి కారణము వెదకనక్కరలేదని రస్సెల్ చెప్పెను. ఎవరును ఎవరిని ఒప్పింపలేదు.

ప్రియులారా, ఈ జవాబులలో బలము లేదని మనము చెప్పరాదు. గడియారపు వాదము ఒక పనివాడున్నాడని తలంచుటకు మనలను నడిపింపవచ్చును. ఆ పనివాడు ఒక్కడేయని గాని, పరిశుద్ధుడని గాని, మనకు తండ్రియని గాని అది నిరూపింపజాలదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము, ప్రపంచములు దేవుని వాక్యమువలన నిర్మింపబడెనని మనము విశ్వాసముచేతనే గ్రహించుచున్నామని చెప్పుచున్నది. విశ్వసించినవాని కన్నులకు ఆకాశము దేవుని మహిమను చాటును. విశ్వసింపనివానికి అదే ఆకాశము వేరుగా కనబడుటలో ఆశ్చర్యమేమున్నది?

పేలీ గ్రంథమును మిక్కిలి ఇష్టముతో చదివిన విద్యార్థి ఒకడుండెను. అతని పేరు చార్లెస్ డార్విన్. సంఘ గురువు కావలెనను ఉద్దేశముతోనే అతడు కేంబ్రిడ్జిలో చదివెను. 1859లో డార్విన్ ప్రకటించిన గ్రంథము పేలీ చూపిన కంటికి వేరొక కారణము చెప్పెను. జీవులలో చిన్న చిన్న భేదములు పుట్టుచుండును. బ్రదుకుటకు తోడ్పడిన భేదములు సంతానములో నిలిచి, లెక్కలేనన్ని తరములకు పెద్ద మార్పులగును. అందుచేత పనివాడు లేకయే పొందిక కలుగవచ్చునని నాస్తికులు చెప్పసాగిరి. అయితే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడును విశ్వాసియునైన ఏసా గ్రే, దేవుడు ఈ విధముగానే సృష్టించియుండవచ్చునని వ్రాసెను. చార్లెస్ కింగ్‌స్లీ అను సంఘ గురువును అట్లే తలంచెను. శాస్త్రము విశ్వాసమును చంపలేదనుటకు వీరు సాక్షులు.

గాని డార్విన్ హృదయమును గాయపరచినది వేరొకటి. 1851 ఏప్రిలులో అతని ప్రియ కుమార్తె ఆనీ, పది సంవత్సరముల పిల్ల, జబ్బుచేసి మరణించెను. ఆ తండ్రి ఆ దుఃఖమును జీవితాంతము మరువలేదు. 1860లో అతడు గ్రేగారికి వ్రాసిన ఉత్తరములో, కందిరీగ జాతి పురుగులు కొన్ని బ్రదికియున్న గొంగళిపురుగుల శరీరమును లోపలినుండి తినునట్లు దయగల దేవుడు ఏర్పరచెనని నమ్మలేకున్నానని తెలిపెను. నాస్తికుడనుకాను, తెలియదనువాడనని చెప్పుటయే తగునని 1879లో మరియొకరికి వ్రాసెను. ఇది తర్కము కాదు, మూలుగు. బిడ్డను పాతిపెట్టిన తల్లి మన సంఘములో అడుగు ప్రశ్నయు ఇదియే.

దీనికి గడియారము జవాబు కాదు. యోబు స్నేహితులు దేవుని పక్షమున ఎన్నియో వాదములు చేసిరి. గాని కడపట దేవుడు గద్దించినది ఆ వాదించినవారినే, మొరపెట్టిన యోబును కాదు. లాజరు సమాధియొద్ద ప్రభువు బాధకు కారణము వివరింపలేదు, కన్నీరు విడిచెను. ఆ తరువాత తానే సిలువ నెక్కెను. బాధను దూరమునుండి చూచు పనివానిని కాదు, బాధలోనికి దిగివచ్చిన దేవుని మనము ప్రకటించుచున్నాము. దుఃఖించువాని యింటికి పోయినప్పుడు మన నోట వాదము కాదు, మన కంట నీరు ఉండవలెను.

ఇంగ్లండులో వాదము లోకము ఎట్లు పుట్టెననుదానిపై జరిగెను. మన ఆంధ్రదేశమున నాస్తికులు అడిగినది వేరు. గోరా అను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్ర ఉపాధ్యాయులు. తమ నాస్తిక భావములనుబట్టి ఉద్యోగము పోగొట్టుకొనిరి. 1940లో భార్య సరస్వతిగారితో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారెను. దేవుని ఇచ్ఛయని, తలవ్రాతయని చెప్పి మనుష్యుని దాస్యములో ఉంచుచున్నారని వారి వాదము. వారు మాటలతో ఆగక సహపంక్తి భోజనములు జరిపిరి. 1948లో సేవాగ్రామ ఆశ్రమమున తమ కుమార్తెను దళిత యువకునికి ఇచ్చి వివాహము చేసిరి. అందరిని ఒక్క దేవుడే చేసినయెడల, ఊరికి రెండు బావులు ఏల? ఇది వారి జీవితము అడిగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన పితరులు ఒకప్పుడు జవాబు పొందిరి. 1876 మొదలుకొని వచ్చిన గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ క్లౌగుదొర బకింగ్‌హాం కాలువ త్రవ్వు పనిలో బీదలకు కూలి చూపించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు ఊరి బావికి దూరముగా ఉంచబడినవారు. గడియారపు వాదము వారిని తెచ్చెనని ఎవరును చెప్పలేదు. తమ్మును చేసిన దేవునికి తాము బిడ్డలమను మాట వారికి సువార్తయాయెను.

సహోదరులారా, ఆ సువార్త నేడు మన మధ్య ఏమైనది? ప్రభువు బల్లయొద్ద కలిసి కూర్చుండి, పెండ్లి విందులో వేరుపడు సంఘములు లేవా? సంబంధము కుదుర్చుకొనునప్పుడు మొదట కులము విచారింపని విశ్వాసులు ఎందరు? బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు చూపువారిని యాకోబు గద్దించిన మాట మన గుడిలో చదువబడినప్పుడు ఎవరి తల వంగవలెను? సృష్టికర్త ఒక్కడేయని నోటితో ఒప్పుకొని, ఆయన చేసిన మనుష్యుని తక్కువచేయువాడు నాస్తికుని వాదమునకు తానే సాక్ష్యము పలుకుచున్నాడు.

కాబట్టి మీ బిడ్డ ప్రశ్నతో ఇంటికి వచ్చినప్పుడు తరిమివేయకుడి. మీకు తెలిసినది చెప్పుడి. తెలియనిది తెలియదని చెప్పుడి. వానితో కలిసి ప్రార్థించుడి. తర్కము తెలిసినవారు తర్కింతురు గాక. గాని చదువు రాని విశ్వాసియు చెప్పగల జవాబు ఒకటి కలదు: పొరుగువానిని దేవుని చేతిపనిగా ఎంచి నడచుకొనుట. మనలను చేసిన తండ్రి అట్టి కృప మనకు దయచేయును గాక. ఆమేన్.