వీసం నుంచి హలాలా దాకా: పంపకాల్లో భిన్నాలు, దశాంశాలు

పిల్లలు కూడా పక్కన కూర్చుని ఉంటే ఇంకా సంతోషం. ఈ రోజు మాట వాళ్ళ లెక్కల పుస్తకంలోదే మరి. భిన్నాన్ని దశాంశంగా మార్చడం గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

నేను మదీనాలో ఉంటున్నాను. ఐటీ కన్సల్టెంటుని, మాస్టర్స్ దాకా చదివాను. అందుకే నా తప్పుతో మొదలుపెట్టడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఇక్కడ మాకు తెలిసిన కడప ముస్లిం కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి ఇల్లాలి తండ్రిగారు ఊళ్ళో పోయారు. ఇల్లు అమ్మి, అప్పులూ ఖర్చులూ తీర్చాక 24 లక్షల రూపాయలు మిగిలాయి. పంచుకోవలసినవాళ్ళు ముగ్గురు: తల్లి, కొడుకు, కూతురు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు 1/8. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. "కంప్యూటర్లో లెక్క వేసి పెట్టండన్నా" అని అడిగారు. పది నిమిషాల పని అనుకున్నాను.

వాటాలను రెండు దశాంశ స్థానాలకు సవరించి వేశాను. తల్లికి 0.13, కొడుక్కి 0.58, కూతురికి 0.29. కూడితే సరిగ్గా 1.00 వచ్చింది. మొత్తం సరిపోయింది కదా అని కాగితం ఇచ్చేశాను. మర్నాడు ఆవిడ ఫోను. "అన్నా, నాకు ఏడు లక్షలు రావాలంటున్నారు మా మామగారు. మీ కాగితంలో 6,96,000 ఉంది. నాలుగు వేలు ఎటు పోయాయి?"

చూస్తే ఆవిడ మాటే నిజం. కూతురికి 4,000 తగ్గింది, కొడుక్కి 8,000 తగ్గింది, ఆ 12,000 తల్లి ఖాతాలో ఎక్కువ పడింది. మొత్తం మాత్రం 24 లక్షలే! తప్పులన్నీ ఒకదానికొకటి సరిపెట్టుకుని దాక్కున్నాయి.

ఆ మామగారు ఒకప్పుడు బట్టల కొట్లో గుమాస్తా. ఆయన అన్నారు: "ముందు ఇరవై నాలుగు భాగాలు చెయ్యి నాయనా. తల్లికి మూడు, కొడుక్కి పద్నాలుగు, కూతురికి ఏడు. ఆ తర్వాతే డబ్బు." భాగానికి లక్ష. కాగితం, కలం అక్కర్లేదు. డబ్బు ఇంకా పంచలేదు కాబట్టి నా పరువు దక్కింది.

ఆ 24 ఎక్కడిది అని వెతుక్కుంటూ వెళితే, తిరిగి నేనుంటున్న ఊరికే వచ్చాను. వారసత్వ వాటాలు చెప్పే ఖురాన్ అధ్యాయం, అన్ నిసా, మదీనా కాలానిది. అందులో కనిపించే భిన్నాలు ఆరు: 1/2, 1/4, 1/8, 2/3, 1/3, 1/6. ఈ ఆరింటికీ సరిపడే ఉమ్మడి హారం 24. ఈ లెక్కల్లో దిట్టగా పేరుబడ్డవాడు మదీనా వాసి జైద్ ఇబ్న్ సాబిత్.

ఆ ఆరింటినీ దశాంశాలుగా మార్చి చూడండి. పద్ధతి అందరికీ తెలిసిందే, పైఅంకెను కిందిఅంకెతో భాగించడం. మొదటి మూడూ 0.5, 0.25, 0.125 అని చక్కగా ముగుస్తాయి. తక్కిన మూడూ 0.666..., 0.333..., 0.1666... అంటూ ఎప్పటికీ ముగియవు. భిన్నాన్ని పూర్తిగా సూక్ష్మీకరించాక హారంలో 2, 5 అనే కారణాంకాలు తప్ప ఇంకేమీ లేకపోతేనే దశాంశం ముగుస్తుంది. ఎందుకంటే 10 అంటే 2 ఇంటూ 5. హారంలో 3 చేరిందా, ఇక తోక తెగదు.

మదీనాలోనే ఖలీఫా ఉమర్ కాలంలో (634–644) ఒక చిక్కు వచ్చిందని చెబుతారు. ఒకావిడ చనిపోయింది. ఉన్నది భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళు. భర్తకు 1/2, అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి 2/3. కూడితే 7/6, అంటే ఆస్తి కంటే వాటాలే ఎక్కువ! సహచరులతో ఆలోచించి ఉమర్ చేసిన తీర్పు: ఆరు భాగాల బదులు ఏడు చేసి, భర్తకు మూడు, అక్కచెల్లెళ్ళకు నాలుగు ఇవ్వడం. అందరికీ ఒకే దామాషాలో తగ్గింది. దీన్ని 'ఔల్' అంటారు, సున్నీ సంప్రదాయం ఇదే పాటిస్తుంది. 0.5, 0.67 అని రాసుకుంటే 1.17 వచ్చిందని కంగారు పడతామే గాని, మూడూ నాలుగూ ఏడు అన్న దారి కంటికి ఆనదు.

మరి దశాంశాలు ఎప్పుడు వచ్చాయి? 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో సుమారు సగం వీలునామాలు, వారసత్వ లెక్కలే. అక్కడా అన్నీ భిన్నాలే. తర్వాత 952–53లో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ హిందూ లెక్కల మీద ఒక పుస్తకం రాశాడు. మనకు దొరికినంతలో దశాంశ భిన్నాలు కనిపించే తొలి అరబ్బీ పుస్తకం అదే. 19ని ఐదుసార్లు సగం చేస్తూ పోతాడు: 9.5, 4.75, 2.375, 1.1875, చివరికి 0.59375. ఒకట్ల స్థానం తెలియడానికి ఆ అంకె మీద చిన్న గీత పెట్టాడు. 1427లో సమర్కండ్‌లో అల్ కాషీ ఈ పద్ధతిని సమగ్రంగా వివరించాడు. యూరప్‌లో 1585లో సైమన్ స్టెవిన్ చిన్న పుస్తకం దాన్ని వాడుకలోకి తెచ్చింది.

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పుకోవాలి కదండీ. మన పాత లెక్క నాలుగుల మీద నడిచింది. పాతిక 1/4, అందులో నాలుగో వంతు వీసం 1/16, అందులో నాలుగో వంతు కాని 1/64. వీటికి విడిగా అంకెలూ ఉండేవి. 2008లో యూనికోడ్‌లో వాటికి చోటు దొరికింది. రూపాయికి 16 అణాలు కూడా ఆ పద్దుకు సరిపోయేవే.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలు అయ్యాయి. అణా అంటే 6.25 నయా పైసలు. పావు పైసా ఎవరిస్తారు? అందుకని ఒక అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. ఒక్కొక్క అణా చొప్పున నాలుగుసార్లు మారిస్తే 24, నాలుగూ ఒకేసారి మారిస్తే 25! నా కాగితంలో జరిగిందీ ఇదే. ముక్కముక్కకూ సవరించుకుంటూ పోతే ఎవరిదో ఒకరిది జారిపోతుంది.

ఇక్కడ సౌదీలోనూ అంతే. పూర్వం రియాలుకు 22 ఖుర్ష్‌లు, 1960లో 20 చేశారు, 1963లో వంద హలాలాలు వచ్చాయి. ఇప్పుడు మదీనా కొట్లో బిల్లు మీద చుక్క తర్వాత రెండంకెలు చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు వేలు గుర్తొస్తాయి.

దశాంశాలను తప్పు పట్టడం లేదండి. 3/8 పెద్దదా, 2/5 పెద్దదా అంటే 0.375, 0.4 అని మార్చగానే తేలిపోతుంది. బ్యాంకులో డబ్బు పంపాలన్నా దశాంశమే కావాలి. కాకపోతే మార్చడం చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కాకూడదు. వాటా భిన్నంగానే ఉంచి, డబ్బుతో హెచ్చించి, అప్పుడు మాత్రమే పైసలకు సవరించాలి. సవరించాక మొత్తమే కాదు, ఒక్కొక్కరి వాటా కూడా సరిచూడాలి.

ఈ వారాంతం మీ పిల్లల చేత ఆ 24 లక్షల లెక్క రెండు విధాలా చేయించండి. అత్తయ్యకు నాలుగు వేలు ఎందుకు తగ్గాయో వాళ్ళనే చెప్పమనండి.

ఉంటానండీ మరి, సెలవు.