ఖడ్గమృగం (డ్యూరర్ చిత్రం)

ఖడ్గమృగం అనునది జర్మనీకి చెందిన చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1515లో వెలువరించిన చెక్క అచ్చు చిత్రం. ఐరోపాలో ముద్రితమైన తొలినాటి విదేశీ జంతు చిత్రాలలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. డ్యూరర్ ఈ జంతువును కళ్ళారా చూడలేదు. అయినప్పటికీ రెండు శతాబ్దాలకు పైగా ఐరోపా ప్రజలకు ఖడ్గమృగం అనగానే ఈ బొమ్మే స్ఫురించేది.

చరిత్ర

గుజరాత్ సుల్తాను రెండవ ముజఫర్ షా 1514లో ఒక భారతీయ ఖడ్గమృగాన్ని పోర్చుగీసు గవర్నరు అఫోన్సో డి అల్బుకెర్క్‌కు కానుకగా పంపాడు. ఆయన దానిని గోవా నుండి ఓడలో పోర్చుగల్ రాజు మొదటి మాన్యుయెల్‌కు చేరవేశాడు. 1515 మే 20న అది లిస్బన్ చేరింది. రోమన్ల కాలం తరువాత ఐరోపాకు సజీవంగా వచ్చిన మొదటి ఖడ్గమృగం ఇదే. ఏనుగుకు, ఖడ్గమృగానికి జన్మవైరమని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ వ్రాశాడు. దీనిని పరీక్షించుటకు రాజు జూన్ 3న రెంటినీ ఎదురెదురుగా నిలిపించగా ఏనుగు పారిపోయింది. తరువాత రాజు ఈ జంతువును పోప్ పదవ లియోకు కానుకగా పంపాడు. 1516 ఆరంభంలో ఇటలీ తీరం సమీపాన ఓడ మునిగిపోగా, గొలుసులతో బంధించి ఉన్నందున ఈదలేక అది మరణించింది.

చిత్రణ

లిస్బన్ నుండి వచ్చిన ఒక లేఖ, రేఖాచిత్రం ఆధారంగా న్యూరెంబర్గ్‌లో డ్యూరర్ బొమ్మను గీశాడు. దానిని చెక్కపలకపై గీతలు ఉబ్బెత్తుగా నిలుచునట్లు చెక్కి, సిరా పూసి కాగితంపై అచ్చువేశారు. ఈ పద్ధతిలో అక్షరాలను, బొమ్మను ఒకే పుటలో ముద్రించవచ్చు. బొమ్మపై గల జర్మన్ వాక్యాలలో జంతువు వచ్చిన సంవత్సరం 1513 అని పొరపాటుగా ఉన్నది. చర్మపు మడతలు లోహ కవచంలా, కాళ్ళు పొలుసులతో కనిపిస్తాయి. భుజాల నడుమ నిజానికి లేని మరొక చిన్న కొమ్ము కూడా కలదు.

అదే సంవత్సరం ఆగ్స్‌బర్గ్ చిత్రకారుడు హాన్స్ బుర్క్‌మైర్ కూడా ఇదే జంతువును అచ్చు చిత్రంగా వెలువరించాడు. అది వాస్తవానికి మరింత దగ్గరగా ఉన్నా అంతగా ప్రచారం పొందలేదు. దాని ప్రతి ఒక్కటి మాత్రమే మిగిలి, వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉన్నది.

ప్రభావం

డ్యూరర్ చిత్రం పలుమార్లు పునర్ముద్రణ పొందింది. 1551లో ప్రచురణ ప్రారంభమైన కొన్రాడ్ గెస్నర్ జంతుశాస్త్ర గ్రంథంలోనూ దీని నకలు చేరింది. గ్రంథం నుండి గ్రంథానికి నకళ్ళు సాగుటచే భుజంపై కొమ్ము కూడా నిజమని స్థిరపడిపోయింది. 1741లో ఐరోపాకు వచ్చిన క్లారా అను ఖడ్గమృగాన్ని అనేక నగరాలలో ప్రదర్శించారు. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ బాప్టిస్ట్ ఊడ్రీ 1749లో దానిని ప్రత్యక్షంగా చూసి చిత్రించాడు. ఇటువంటి చిత్రాల వలన పాత బొమ్మ స్థానంలో క్రమంగా వాస్తవరూపం వ్యాప్తిలోకి వచ్చింది. డ్యూరర్ చేతితో గీసిన మూలచిత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.