కొవ్వు పంపే కబురు: రక్తనాళాల్లో కణాల కదలిక

రాయలసీమలోని నల్లమాడ చుట్టుపక్కల మెట్ట చేలల్లో వానను నమ్ముకుని వేసే పైరు చెనక్కాయ (వేరుశనగ). గానుగాడిన చెనక్కాయ నూనెలో ఒలియిక్ ఆమ్లం తర్వాత ఎక్కువగా ఉండేది లినోలెయిక్ ఆమ్లం. కొవ్వంటే ఒంటికి శక్తినిచ్చే తిండి మాత్రమేనని శాస్త్రం చాలాకాలం అనుకుంది. అది కణాలకు ఆదేశాలు కూడా పంపుతుందని తేలడానికి దశాబ్దాలు పట్టింది.

1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు లేని మేత పెట్టారు. వాటి తోలు పొలుసులు కట్టింది, ఎదుగుదల నిలిచిపోయింది. లినోలెయిక్ ఆమ్లం ఇస్తే తేరుకున్నాయి. శరీరం ఈ ఆమ్లాన్ని అరకిడోనిక్ ఆమ్లంగా మార్చి కణాల పొరల్లో దాస్తుంది. దాన్నుంచే కణాలకు ఆదేశాలిచ్చే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయని 1964లో స్వీడన్, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపారు. 1974లో హాంబర్గ్, సామ్యుయెల్సన్ రక్త ఫలకికల్లో ఇంకో దారి కనుగొన్నారు. అది లైపాక్సిజనేజ్ ఎంజైమ్ నడిపే దారి. 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్, జాన్ వేన్‌లకు ప్రోస్టాగ్లాండిన్ల పరిశోధనకుగాను నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ రెండో దారిలో తెలుగువాళ్ల అడుగులు స్పష్టంగా కనిపిస్తాయి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో సి. చన్నారెడ్డి, పల్లు రెడ్డన్న 5-లైపాక్సిజనేజ్‌ను బంగాళాదుంపల నుంచి శుద్ధి చేశారు. తెల్ల రక్తకణాల్లో కొద్దిపాటిగా దొరికే ఎంజైమ్‌కు దుంప చవకైన వనరైంది. విటమిన్ ఇ దాన్ని అణచివేస్తుందని 1985లో ప్రకటించారు. రెడ్డన్న తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనను కొనసాగించారు.

ఈ దారిలో పుట్టే అణువులు కణాలను నడిపించగలవు. ఇంతకీ కణం నడిచిందని తెలిసేదెలా? 1962లో స్టీఫెన్ బాయ్డెన్ తయారుచేసిన పరికరంలో రెండు గదుల మధ్య సన్నని రంధ్రాల పొర ఉంటుంది. పై గదిలో కణాలు, కింది గదిలో పరీక్షించే రసాయనం వేస్తారు. కొన్ని గంటల తర్వాత పొరను తీసి, రంగు వేసి, కిందివైపుకు దూరివచ్చిన కణాలను సూక్ష్మదర్శినిలో లెక్కపెడతారు. ధమని గోడలోని నునుపు కండర కణాలను లైపాక్సిజనేజ్ ఉత్పత్తులు ఇలా లాగుతాయని 1980ల ఆరంభంలో జపాన్ పరిశోధకులు చూపారు.

ఆ కణాలు మామూలుగా గోడ మధ్య పొరలో కదలకుండా ఉంటాయి. బెలూన్‌తో ధమనిని వెడల్పు చేసినప్పుడు గాయమైతే లోపలి పొరకు చేరి, అక్కడ సంఖ్య పెంచుకుని దారిని మళ్లీ ఇరుకు చేస్తాయి. శాస్త్రవేత్త గాదిపర్తి ఎన్. రావు పరిశోధన ప్రధానంగా ఈ సమస్య మీదే సాగింది. లినోలెయిక్ ఆమ్లం, దాని ఆక్సీకరణ ఉత్పత్తులు ఈ కణాలను పెరిగేలా చేస్తాయని 1995లో ఆయన సహచరులతో కలిసి చూపారు. ఆ తర్వాత అమెరికాలోని మెంఫిస్‌లో ఆయన బృందం లైపాక్సిజనేజ్ దారిలో పుట్టే 15-హెచ్‌ఈటీఈ అనే అణువు మీద దృష్టి పెట్టింది. అది కొత్త రక్తనాళాలు మొలిచేలా చేయడానికి ఎంటార్ అనే ప్రోటీన్ దారిని వాడుకుంటుందని 2005లో, కండర కణాల వలసకు ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ కావాలని 2009లో తేల్చింది. అలాగని చెనక్కాయ నూనెను దోషిగా నిలబెట్టలేం. ఎంత నూనె తిన్నామన్న దానికన్నా, ఏ ఎంజైమ్ ఎక్కడ, ఎప్పుడు పనిచేసిందన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇదే కాలంలో మరో కొవ్వు అణువు వెలుగులోకి వచ్చింది. స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ రక్తనాళపు లోపొర కణాల మీది ఒక గ్రాహకానికి అతుక్కుంటుందని తిమోతీ హ్లా బృందం 1998లో చూపింది. ఆ గ్రాహకం లేని ఎలుక పిండాల్లో నాళాల చుట్టూ కండర కణాలు సరిగా కమ్ముకోలేదు. రక్తస్రావమై పిండాలు చనిపోయాయి. 2000లో వెలువడిన ఈ ఫలితంతో వలసకు రెండో ముఖం తెలిసింది. గాయపడిన ధమనిలో అడ్డయ్యే కదలికే ఎదిగే పిండంలో ప్రాణాధారం.

అందుకే ఈ కబురును ఒంటినిండా ఆపేయడం కుదరదు. 12/15-లైపాక్సిజనేజ్ జన్యువు తీసేసిన ఎలుకల్లో, రక్తం అందని చోట కొత్త నాళాలు సరిగా మొలవలేదని రావు బృందమే 2011లో చూపింది. ఆచరణలో వైద్యులు పట్టిన దారి, మందును గాయం దగ్గరే వదలడం. 2003లో అమెరికాలో అనుమతి పొందిన స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టం) నుంచి విడుదలయ్యే సిరోలిమస్ అనే మందు ఎంటార్‌నే అడ్డుకుంటుంది. దానివల్ల కండర కణాల చొరబాటు తగ్గింది, కానీ లోపొర మానడమూ ఆలస్యమైంది. రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి మాత్రలు వాడాల్సి రావడానికి కారణం ఇదే. ఒక కణాన్ని ఆపి, దాని పక్క కణాన్ని నడవనిచ్చే మందు కోసమే ఇప్పటి వెతుకులాట.