ఐదో తేదీ పాలు

ధర్మపురిలో సేలం రోడ్డు పక్కన పాల బిల్లుల ఆఫీసు. గోడ మీద బోర్డు తమిళం, బల్లకు ఇటూ అటూ మాట తెలుగు. పాలక్కోడు వైపు నుంచి వచ్చిన అక్క మీ ముందు బిల్లు పరుస్తుంది.

"ఐదో తేదీ నేను ఊర్లోనే లేను తమ్ముడూ, పెండ్లికి పోతిని. ఆ పొద్దు పాలు పోసినట్టు రాసుండారు. నాలుగున పోస్తిని, అది సున్నా."

పదిహేను రోజుల మొత్తం దాదాపు సరిపోతోంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. పోయని పాలు రాశారని చెప్పే మనిషి దొరకడం ఈ పనిలో పెద్ద అదృష్టం.

ఎక్సెల్‌లో రిఫ్రెష్ ఆల్ నొక్కుతారు. అంకెలు కదలవు. ఫిల్టర్ తీసేస్తారు, డేటాబేస్‌తో వరసల సంఖ్య పోల్చి చూస్తారు. 2020లో ఇంగ్లండ్‌లో పాత రకం ఎక్సెల్ ఫైలు 65,536 వరసలకే నిండిపోయి 15,841 కోవిడ్ కేసులు లెక్కకు ఎక్కలేదు. ఇక్కడ ఒక్క వరసా పోలేదు, చిక్కంతా అదే.

"ఆ రెండు గళ్ళు చేత్తో దిద్దేద్దామన్నా" అంటాడు పక్క కుర్చీ కుర్రాడు. వద్దనండి. మళ్ళీ రిఫ్రెష్ నొక్కగానే పాత అంకె వచ్చి కూర్చుంటుంది.

అక్క దగ్గర నాలుగో తేదీ చీటీ తీసుకోండి. పొద్దున 5:10. షీటు పక్కన పెట్టి, ఆ చీటీ నంబరును డేటాబేస్‌లోనే వెతకండి. దొరికింది. లీటర్లు అవే, ఫ్యాట్ అదే. సమయం మాత్రం మూడో తేదీ, 23:40.

ఆ వేళకు పాలెవరు పిండుతారు?

డేటాబేస్ సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాసుకుంటోంది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. క్వెరీ ఆ యూటీసీ సమయం నుంచే తేదీ తీసి షీటుకు పంపుతోంది. తెల్లారి ఐదున్నరలోపు పోసిన పాలన్నీ ముందురోజుకు జారిపోయాయి. సాయంత్రం పాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పొద్దున ఆరు గంటలకు తెరిచే ఇంకో పాల కేంద్రం బిల్లు తీసి చూడండి, ఒక్క తప్పూ లేదు. ఇక అనుమానం అక్కర్లేదు.

క్వెరీలో ముందు సమయాన్ని మన గడియారానికి మార్చి, ఆ తర్వాతే తేదీ తీయాలి. వేసవికొకటి, చలికాలానికొకటి గడియారం తిప్పే బాధ మనకు లేదు గనక ఏడాదంతా ఆ ఐదున్నరే.

దిద్దగానే బిల్లు తీయకండి. పదహారో తేదీ తెల్లవారి పాలు పదిహేనుగా నమోదై పాత బిల్లులో చేరిపోయాయి. సరైన క్వెరీ వాటిని కొత్త బిల్లులోకి మళ్ళీ తెస్తుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. ఆ ఒక్క పూట మినహాయించండి. ఎందుకు మినహాయించారో బిల్లు మీదే తమిళంలోనూ తెలుగులోనూ రాసి, అక్కకు చదివి వినిపించాకే సంతకం అడగండి.