ఖలాలో ఖిబ్లా ఎటువైపు?

1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో ఖలాలోకి, అంటే అంతరిక్షంలోకి వెళ్లారు. పుట్టింది పటియాలాలో అయినా చదువుకున్నది హైదరాబాద్‌లో, నిజాం కాలేజీలో. పై నుంచి హిందుస్తాన్ ఎలా కనబడుతోందని ఇందిరా గాంధీ వేసిన సవాల్, ఆయన ఇచ్చిన జవాబ్ మన ఇళ్లలో పెద్దలకి యాద్ ఉంటాయి. ఆ జవాబ్ ఇక్బాల్ 1904లో లాహోర్ కాలేజీలో పాఠాలు చెప్తూ రాసిన తరానాలోని మొదటి మాటలు. ఆ లాహోర్ ఇప్పుడు సర్‌హద్ అవతల ఉంది. శర్మగారి జబాన్‌కి మాత్రం ఏ సర్‌హద్ అడ్డం రాలేదు. మీ వతన్ ఏదని మనల్ని అడిగేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మరుసటి ఏడాది జూన్ 17న, రంజాన్ ఆఖరి రోజుల్లో, సౌదీ షహజాదా సుల్తాన్ బిన్ సల్మాన్ డిస్కవరీలో వెళ్లారు. తొలి అరబ్, తొలి ముస్లిం వ్యోమగామి ఆయనే. మొదట్లో ఎవరి ముల్క్‌ని వాళ్లు వేలెత్తి చూపించుకున్నామని, మూడు నాలుగు రోజులకి ఖండాలే చూపించుకున్నామని, ఐదో రోజుకి ఒకే జమీన్ మిగిలిందని తర్వాత చెప్పారు.

ఐదు రోజుల్లోనే అంత మార్పా అనిపిస్తే మన పల్నాటినే తీసుకోండి. 12వ శతాబ్దంలో కోడిపందెంతో ముదిరిన పగ గురజాల, మాచర్ల రాజ్యాలను కారెంపూడిలో నాగులేటి ఒడ్డుకి లాక్కొచ్చింది. శర్మ ఉన్న సల్యూట్-7 గంటకి సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరిగేది. మాచర్లకీ గురజాలకీ మధ్య ఫాస్లా దానికి కొన్ని సెకన్లే!

నాకు బాగా నచ్చిన కిస్సా మాత్రం మలేషియాది. 2007 అక్టోబర్‌లో డాక్టర్ షేక్ ముజఫర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. అక్కడ గంటన్నరకోసారి సూరజ్ ఉదయిస్తాడు. మరి ఐదు నమాజులు ఎప్పుడు? ఖిబ్లా ఎటు? మలేషియా ఉలమా కూర్చుని ఫత్వా ఇచ్చారు. వక్త్‌లకి రాకెట్ బయల్దేరిన చోటి టైము చూసుకోవాలి. రోజా తర్వాతైనా ఉండొచ్చు. కుదిరితే కాబా వైపు తిరగాలి, లేకపోతే కాబాకి నేరుగా పైనున్న దిశకి. అదీ కాకపోతే జమీన్ వైపు. అదీ వీలుకాకపోతే ఎటైనా సరే. సఫ్ గీత కాస్త వంకర పోతేనే ఇక్కడ మనం గొంతు పెంచుతాం.

అక్టోబర్ 13న ఈద్ అక్కడే జరిగింది. రష్యన్, అమెరికన్ సహచరులకి డాక్టర్‌గారు మలేషియా సాటే, బిస్కెట్లు పెట్టారు.